మౌనంగా మూసుకుపోయే సూక్ష్మ శ్వాసనాళికలు: డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్

దగ్గు రాని మనిషి ఉండడు. జలుబుతో వచ్చిన దగ్గు వారం పది రోజులలో దానంతట అదే తగ్గిపోతుంది. మిరియాల కషాయమో, పసుపు కలిపిన వేడి పాలో దానికి సరిపోతాయి. అయితే నెలల తరబడి వదలని దగ్గు, దినదినమూ పడే చిక్కని కఫం, వీటికి తోడు ఏళ్ళ నాటి సైనస్ బాధ ఒకే మనిషిలో కలిసి కనిపించినప్పుడు వాటిని మూడు వేరు వేరు బాధలుగా భావించరాదు. ఆ మూడింటికీ మూలం ఒకటే అయిన వ్యాధులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్.

ఇది చాలా అరుదైన వ్యాధి. ఈ సంచిక చదివే కుటుంబాలలో ఎవరికైనా ఇది వచ్చే అవకాశం అత్యల్పం. అయినప్పటికీ దీనిని గురించి తెలుసుకోవడం వలన రెండు ప్రయోజనాలు ఉన్నాయి. ఊపిరితిత్తులలోని అతి చిన్న దారులు ఎలా పనిచేస్తాయో, అవి చెడిపోతే ఆ సంగతి మనకు ఎందుకు ఆలస్యంగా తెలుస్తుందో ఈ వ్యాధి చక్కగా బోధిస్తుంది. అంతేకాక, ఒకప్పుడు ప్రాణాలు తీసిన ఈ వ్యాధి ఒక పాత, చౌక మందుకు లొంగిన వైనం వైద్యశాస్త్రంలో ఆసక్తికరమైన అధ్యాయం.

ఊపిరితిత్తులలోని దారులు

గొంతు దిగువన మొదలయ్యే శ్వాసనాళం ఛాతీలో రెండుగా చీలి, ఒక్కొక్క శాఖ ఒక్కొక్క ఊపిరితిత్తిలోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుండి ప్రతి శాఖా మళ్ళీ రెండుగా చీలుతూ పోతుంది. ఈ విధంగా సుమారు 23 తరాల చీలికలు జరిగిన మీదట గాలి వాయుకోశాలకు చేరుతుంది. రక్తంలోకి ప్రాణవాయువు ప్రవేశించేది ఈ వాయుకోశాలలోనే. రెండు ఊపిరితిత్తులలోనూ కలిపి ఇవి సగటున 48 కోట్లు ఉంటాయని 2004లో ప్రచురితమైన ఒక పరిశోధనలో లెక్క తేలింది.

పెద్ద శాఖల గోడలలో మృదులాస్థి ఉండడం వలన అవి ముడుచుకుపోవు. లోపలి వ్యాసం 2 మిల్లీమీటర్లకు తగ్గిన నాళికలను సూక్ష్మ శ్వాసనాళికలు అంటారు. సాధారణంగా వీటి గోడలలో మృదులాస్థి గాని, శ్లేష్మాన్ని స్రవించే గ్రంథులు గాని ఉండవు. వీటిలో చివరి రెండు వరుసలను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మొదటిది అంత్య శ్వాసనాళిక. దీని పని గాలిని మోసుకుపోవడం మాత్రమే. దాని తరువాత వచ్చేది శ్వాసక్రియా నాళిక. దీని గోడల మీద అక్కడక్కడ వాయుకోశాలు మొలిచి ఉంటాయి. దారి ముగిసి ఊరు మొదలయ్యే పొలిమేర వంటిది ఇది. మనం చెప్పుకునే వ్యాధి సరిగ్గా ఈ పొలిమేరలోనే తిష్ఠ వేస్తుంది.

కృష్ణా గోదావరి డెల్టాలను ఎరిగినవారికి ఈ నిర్మాణం సులభంగా బోధపడుతుంది. ప్రధాన కాలువ నుండి పంట కాలువలు, వాటి నుండి పిల్ల కాలువలు, చివరకు చేలలోకి బోదెలు ఉంటాయి. ప్రధాన కాలువకు అడ్డు పడితే ఆ వార్త వెంటనే ఊరూరా తెలుస్తుంది. వేలాది బోదెలలో కొన్ని పూడుకుపోతే మాత్రం ప్రధాన కాలువలో నీటి మట్టం మారదు. శివారు భూములలో పైరు ఎండినప్పుడే సంగతి బయటపడుతుంది.

ఊపిరితిత్తులలోనూ ఇదే పరిస్థితి. శ్వాసనాళం అడ్డుకోత వైశాల్యం సుమారు 2.5 చదరపు సెంటీమీటర్లు. అంత్య శ్వాసనాళికలన్నింటి వైశాల్యాన్నీ కూడితే అది సుమారు 180 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. దారులు చిన్నవే అయినా వాటి సంఖ్య అపారం కావడం వలన, గాలి ప్రవాహానికి కలిగే మొత్తం నిరోధంలో ఆరోగ్యవంతులలో వీటి వాటా అయిదవ వంతుకు మించదు. కాబట్టి వీటిలో ఎన్నో మూసుకుపోయిన తరువాత గాని ఆయాసం రాదు; సాధారణ శ్వాస పరీక్షలో తేడా కనిపించదు. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త జెరె మీడ్ 1970లో ఈ ప్రాంతాన్ని ఊపిరితిత్తుల నిశ్శబ్ద మండలంగా వర్ణించినది ఇందువలననే.

పేరు, పుట్టుపూర్వోత్తరాలు

ఈ వ్యాధిని ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించినవారు జపాను వైద్యులు. అంతవరకు దీర్ఘకాలపు బ్రాంకైటిస్ అనో, ఎంఫిసీమా అనో భావించబడిన రోగులలో కొందరి ఊపిరితిత్తులను 1960లలో హోమ్మా, యమనాకా మొదలైనవారు సూక్ష్మదర్శినితో పరిశీలించి, వారిది వేరే వ్యాధి అని తేల్చారు. 1969లో దానికి ఈ పేరు స్థిరపడింది. గ్రీకు భాషలో ‘పాన్’ అంటే సర్వం అని అర్థం. నాళిక గోడలోని అన్ని పొరలకూ శోథ వ్యాపిస్తుంది కనుక పాన్‌బ్రాంకియోలైటిస్ అన్నారు. అది రెండు ఊపిరితిత్తులలోనూ విస్తరించి ఉంటుంది కనుక డిఫ్యూజ్ అన్నారు. శోథ అంటే కణజాలం వాచి, అందులోకి తెల్ల రక్తకణాలు వచ్చి చేరే స్థితి. 1983లో హోమ్మా బృందం ఆంగ్లంలో ప్రచురించిన వ్యాసంతో ఇతర దేశాల వైద్యులకు ఈ వ్యాధి పరిచయమైనది.

1980లో జపానులో జరిగిన సర్వేలో లక్ష మందికి సుమారు 11 మందిలో ఈ వ్యాధి కనిపించింది. కొరియా, చైనా, తైవాన్‌లలో కూడా రోగులు బయటపడ్డారు. ఇది తూర్పు ఆసియా ప్రజలలో అధికంగా కనిపించడానికి వంశపారంపర్య లక్షణాలు కొంత కారణం. తెల్ల రక్తకణాల మీద ఉండే గుర్తులలో హెచ్.ఎల్.ఎ. బి-54 అనేది ఒకటి. 1990లో జపానులో జరిపిన పరిశీలనలో ఈ గుర్తు రోగులలో సుమారు 63 శాతం మందికి, ఇతరులలో 11 శాతం మందికి ఉన్నట్లు తేలింది. కొరియా రోగులలో హెచ్.ఎల్.ఎ. ఎ-11 అనే మరొక గుర్తు ఎక్కువగా కనిపించింది. ఈ రెండు గుర్తులకు సంబంధించిన జన్యువులూ ఆరవ క్రోమోసోము మీద దగ్గర దగ్గరగానే ఉన్నాయి. అందువలన వ్యాధికి దోహదం చేసే జన్యువు వాటి మధ్య ఎక్కడో ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

అయితే ఇది తూర్పు ఆసియావారికి మాత్రమే పరిమితమైన వ్యాధి కాదు. 1990లలో అమెరికాలో ఇతర జాతుల వారిలో కూడా కొద్దిమంది రోగులను వైద్యులు గుర్తించి ప్రచురించారు. భారతదేశంలో ఇది బహు అరుదు.

రోగ లక్షణాలు

ఈ వ్యాధి ఎక్కువగా నడివయసులో, సుమారు 40 ఏళ్ళ ప్రాంతంలో బయటపడుతుంది. రోగులలో పురుషుల సంఖ్య కొంత అధికం. పొగత్రాగడం దీనికి ముఖ్య కారణం కాదు. జపాను రోగులలో మూడింట రెండు వంతుల మందికి ఆ అలవాటే లేదు.

చాలామందిలో కథ ముక్కుతో మొదలవుతుంది. నాలుగింట మూడు వంతుల మందికి పైగా రోగులలో దీర్ఘకాలపు సైనస్ వ్యాధి ఉంటుంది. ముక్కు దిబ్బడ, చీముతో కూడిన స్రావం, వాసన తెలియకపోవడం కొందరిలో చిన్ననాటి నుండే ఉంటాయి. కొన్నేళ్ళకు దగ్గు, కఫం మొదలవుతాయి. కఫం క్రమంగా పెరిగి, వ్యాధి ముదిరినవారిలో రోజుకు 50 మిల్లీలీటర్లకు మించి పడుతుంది. ఆ తరువాత మెట్లు ఎక్కినప్పుడు, బరువులు మోసినప్పుడు ఆయాసం వస్తుంది. నిశ్శబ్ద మండలం నోరు విప్పేది ఈ దశలోనే.

చికిత్స లేకపోతే పరిస్థితి మరింత క్షీణిస్తుంది. కఫంలో తొలుత హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే వంటి బాక్టీరియా కనిపిస్తుంది. కాలం గడిచిన కొద్దీ సూడోమోనాస్ ఎరుజినోసా అనే మొండి బాక్టీరియా స్థిరనివాసం ఏర్పరచుకుంటుంది. దాని తరువాత రోగి త్వరగా నీరసిస్తాడు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, గుండె కుడి భాగం మీద భారం పడుతుంది, చివరకు శ్వాస వ్యవస్థ విఫలమవుతుంది.

సూక్ష్మదర్శినిలో కనిపించేది

ఈ వ్యాధితో ఉన్న ఊపిరితిత్తిని కోసి చూస్తే, కోత తలం మీద కొద్ది మిల్లీమీటర్ల పరిమాణం గల పసుపుపచ్చని చిన్న బుడిపెలు కంటికే కనిపిస్తాయి. ఒక్కొక్క బుడిపె మధ్యలో ఒక్కొక్క సూక్ష్మ శ్వాసనాళిక ఉంటుంది.

సూక్ష్మదర్శిని క్రింద మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, శ్వాసక్రియా నాళికల గోడలు మందంగా తయారై ఉంటాయి. ఆ గోడలలోని అన్ని పొరలలోనూ లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు గుమిగూడి ఉంటాయి. రెండవది, గోడలలోను, వాటిని ఆనుకొని ఉన్న వాయుకోశాల మధ్య పొరలలోను కొవ్వును మింగి నురుగుతో నిండినట్లు కనిపించే భక్షక కణాలు బారులు తీరి ఉంటాయి. బుడిపెలకు పసుపు రంగు రావడానికి కారణం ఇవే. మూడవది, నాళిక లోపలి దారి చీముతో నిండి ఉంటుంది. ఆ చీములో న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు అత్యధికంగా ఉంటాయి.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. పొలిమేర దాటి లోపలికి వెళ్ళి చూస్తే వాయుకోశాలు చాలావరకు నిర్మలంగా ఉంటాయి. న్యుమోనియాలో వాయుకోశాలే నిండిపోతాయి. ఎంఫిసీమాలో వాటి గోడలే శిథిలమవుతాయి. ఇందులో మాత్రం ఇల్లు బాగుండి, గుమ్మం మూసుకుపోతుంది. గుమ్మాన్ని సకాలంలో తెరవగలిగితే ఇల్లు దక్కుతుంది. ఈ వ్యాధికి చికిత్స ఫలించడానికి గల అవకాశం ఈ ఒక్క వాస్తవంలో ఇమిడి ఉన్నది. జాప్యం జరిగిన కొద్దీ ముందున్న నాళికలు శాశ్వతంగా వెడల్పై, చీము నిలిచే గుంటలుగా మారిపోతాయి. ఆ తరువాత ఏ మందూ వాటిని తిరిగి మామూలు స్థితికి తీసుకురాలేదు.

వ్యాధి నిర్ధారణ

1998లో జపాను ఆరోగ్య మంత్రిత్వ శాఖ తరఫున నిపుణులు ఆరు ప్రమాణాలను నిర్ణయించారు. వదలని దగ్గు, కఫం, శ్రమపడినప్పుడు ఆయాసం మొదటిది. దీర్ఘకాలపు సైనస్ వ్యాధి ప్రస్తుతం ఉండడం గాని, గతంలో ఉండడం గాని రెండవది. ఎక్స్-రేలో రెండు వైపులా చిన్న చిన్న చుక్కలు, లేదా సి.టి. స్కాన్‌లో సూక్ష్మనాళికల చుట్టూ బుడిపెలు కనిపించడం మూడవది. స్టెతస్కోపులో బరకగా వినిపించే చిటపట శబ్దాలు నాలుగవది. శ్వాస పరీక్షలో మొదటి సెకనులో బయటకు వదలగల గాలి మొత్తంలో 70 శాతం కన్న తక్కువ కావడం, ధమని రక్తంలో ప్రాణవాయువు పీడనం 80 కన్న తగ్గడం అయిదవది. కోల్డ్ హీమాగ్లుటినిన్ అనే రక్త పరీక్ష విలువ 64 గాని, అంతకు మించి గాని ఉండడం ఆరవది. మొదటి మూడూ ఉండి, మిగిలిన మూడింటిలో కనీసం రెండు తోడైతే వ్యాధి ఖాయమని భావిస్తారు.

సి.టి. స్కాన్‌లో ఈ వ్యాధి కనిపించే తీరును వైద్యులు మొగ్గలు తొడిగిన కొమ్మతో పోలుస్తారు. చీముతో నిండిన నాళిక కొమ్మ వలె, దాని చివర బుడిపె మొగ్గ వలె కనిపిస్తాయి. అయితే ఈ చిత్రం ఈ వ్యాధికే ప్రత్యేకం కాదు. క్షయ వ్యాధి శ్వాసనాళికల ద్వారా వ్యాపించినప్పుడు కూడా ఇటువంటి చిత్రమే కనిపిస్తుంది. క్షయ విస్తారంగా ఉన్న మన దేశం వంటి చోట్ల తొలి అనుమానం దాని మీదకు పోవడం సహజమే కాదు, అవసరం కూడా. కాని కఫంలో పదే పదే వెదికినా క్షయ క్రిములు కనిపించక, క్షయ మందులకు గుణం లేకపోతే మరొక కారణాన్ని వెదకాలి. పిల్లికూతలు ఉన్నవారిలో ఉబ్బసమని పొరబడడానికి కూడా అవకాశం ఉన్నది. ముక్కునూ ఊపిరితిత్తులనూ కలిపి బాధించే సిస్టిక్ ఫైబ్రోసిస్, శ్వాసమార్గంలోని నూగు వంటి సీలియాలు కదలని పుట్టు వ్యాధి, రోగనిరోధక శక్తి లోపాలు మొదలైనవి కావని తేల్చుకోవడం కూడా నిర్ధారణలో భాగమే. సందేహం తీరనప్పుడు ఊపిరితిత్తి ముక్కను తీసి పరీక్షిస్తారు.

ఒక పాత మందు, ఒక కొత్త గుణం

1970లలో ఈ వ్యాధి సోకిన జపాను రోగులలో అయిదేళ్ళ తరువాత జీవించి ఉన్నవారు సుమారు 63 శాతం మాత్రమే. అప్పటి యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్‌లు తాత్కాలిక ఉపశమనం కలిగించినా వ్యాధి గతిని మార్చలేకపోయాయి.

1980ల తొలి సంవత్సరాలలో షోజి కుదో అనే వైద్యుడు ఒక రోగి ఊహించని విధంగా కోలుకున్నట్లు గమనించాడు. ఆరా తీయగా, స్థానిక వైద్యుడొకరు ఆ రోగికి రోజుకు 600 మిల్లీగ్రాముల ఎరిత్రోమైసిన్‌ను రెండేళ్ళకు పైగా ఇస్తూ వచ్చినట్లు తెలిసింది. ఎరిత్రోమైసిన్ అప్పటికే పాత మందు. ఫిలిప్పీన్స్‌కు చెందిన వైద్యుడు అబెలార్డో అగిలార్ 1949లో తమ ఇలోయిలో ప్రాంతపు మట్టిని అమెరికాలోని ఈలై లిల్లీ సంస్థకు పంపగా, అందులోని సూక్ష్మజీవి నుండి లభించిన ఈ మందు 1952లో వాడుకలోకి వచ్చింది. గొంతు నొప్పికీ, న్యుమోనియాకూ వాడే మందు ఇంత మొండి వ్యాధిని ఎలా లొంగదీసింది?

మరొకరైతే దానిని కాకతాళీయమని త్రోసిపుచ్చి ఉండేవారేమో. కుదో బృందం అదే పద్ధతిని ఇతర రోగులలో పరీక్షించి, 1987లో ఫలితాలను ప్రచురించింది. కఫం తగ్గింది, ఆయాసం తగ్గింది, ఎక్స్-రేలోని చుక్కలు పలచబడ్డాయి. 1998లో వారే 498 మంది రోగుల వివరాలను సమీక్షించారు. 1970 నుండి 1979 వరకు సుమారు 63 శాతంగా ఉన్న అయిదేళ్ళ జీవన రేటు, 1980 నుండి 1984 వరకు 72 శాతానికీ, ఎరిత్రోమైసిన్ విస్తృతంగా వాడుకలోకి వచ్చిన 1985 నుండి 1990 వరకు 91 శాతానికీ పెరిగింది.

ఇందులోని చిక్కుముడి ఏమిటంటే, ఈ మోతాదులో ఎరిత్రోమైసిన్ సూడోమోనాస్‌ను చంపలేదు. బాక్టీరియా కఫంలో ఉండగానే రోగి కోలుకుంటాడు. కాబట్టి మందు పనిచేసేది ప్రధానంగా క్రిమి మీద కాదు, రోగి శరీరం చూపే ప్రతిచర్య మీద. న్యూట్రోఫిల్‌లను నాళికలలోకి పిలిచే ఇంటర్‌ల్యూకిన్-8 వంటి రసాయనాలను ఇది తగ్గిస్తుంది. శ్లేష్మ స్రావాన్ని అదుపు చేస్తుంది. బాక్టీరియా పరస్పరం సంకేతాలు పంపుకొని రక్షక పొరను నిర్మించుకోవడాన్ని కూడా ఈ జాతి మందులు ఆటంకపరుస్తాయని తరువాతి పరిశోధనలు చూపాయి. అణునిర్మాణంలో 14 లేక 15 పరమాణువుల వలయం గల ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, అజిత్రోమైసిన్‌లకు ఈ గుణం ఉన్నది. 16 పరమాణువుల వలయం గల జోసామైసిన్ వంటి వాటికి లేదు.

సాధారణంగా రెండు మూడు నెలలలో గుణం కనిపిస్తుంది. కనీసం ఆరు నెలలు మందు వాడి, ఫలితాన్ని బట్టి రెండేళ్ళ వరకు కొనసాగిస్తారు. వ్యాధి ముదిరినవారికి ఇంకా ఎక్కువ కాలం అవసరం కావచ్చు. ఈ అరుదైన వ్యాధి నేర్పిన పాఠం ఇతర వ్యాధులకూ ఉపకరించింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులకు అజిత్రోమైసిన్ దీర్ఘకాలం ఇవ్వడం వలన మేలు కలుగుతుందని 2003లోను, సి.ఒ.పి.డి. రోగులలో వ్యాధి ఉద్ధృతులను అది తగ్గిస్తుందని 2011లోను అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలు నిరూపించాయి.

మన కుటుంబాలు గమనించవలసినవి

స్వదేశం నుండి వచ్చేటప్పుడు పెట్టెలో అజిత్రోమైసిన్ మాత్రలు తెచ్చుకొని, దగ్గు వచ్చినప్పుడల్లా మూడు రోజులు మ్రింగే అలవాటు మనవారిలో ఉన్నది. పై కథ చదివి ఆ అలవాటు మంచిదేనని భావించరాదు. నెలల తరబడి క్రమబద్ధంగా, వైద్యుని పర్యవేక్షణలో వాడే చికిత్స వేరు. సొంతంగా మూడు రోజులు వాడి మానివేయడం వేరు. రెండవ దానివలన బాధ కొద్దికాలం మరుగున పడి, అసలు వ్యాధి నిర్ధారణ మరింత ఆలస్యమవుతుంది. మందుకు లొంగని బాక్టీరియా తయారవుతుంది. పైగా ఈ మందులు కొందరిలో గుండె లయను మార్చగలవు, వినికిడిని తగ్గించగలవు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్‌లు కొలెస్టరాల్ మందులలో కొన్నింటితోను, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌తోను కలిసి హాని చేయగలవు. క్షయ కుటుంబానికే చెందిన ఇతర మైకోబాక్టీరియా ఊపిరితిత్తులలో లేవని నిర్ధారించుకున్న తరువాతనే వైద్యులు దీర్ఘకాల చికిత్స మొదలుపెడతారు.

రెండవ విషయం మరింత ముఖ్యమైనది. ముక్కు బాధను ఒక వైద్యునికీ, దగ్గును మరొక వైద్యునికీ చెప్పుకోవడం మనకు పరిపాటి. మన ఊళ్ళో తీయించిన ఎక్స్-రేలు అక్కడి బీరువాలోనే ఉండిపోతాయి. ఇక్కడి వైద్యుడు కథను సగం నుండే వింటాడు. పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రుల విషయంలో ఈ సమస్య మరీ ఎక్కువ. నాన్నగారికి ఎప్పుడూ ఉండే దగ్గే కదా అని ఊరుకుంటాము. దగ్గు ఎనిమిది వారాలు దాటినా, కఫం ప్రతిరోజూ పడుతున్నా, మునుపు సునాయాసంగా ఎక్కిన మెట్ల దగ్గర ఆగవలసి వస్తున్నా వైద్యుని సంప్రదించాలి. అప్పుడు సైనస్ చరిత్ర, గతంలో క్షయకు తీసుకున్న చికిత్స, పాత ఎక్స్-రేలు, వాడిన మందుల పేర్లు అన్నీ ఒకే వైద్యుని ముందు ఉంచాలి. అలా చేసినవారిలో అత్యధికులకు డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియోలైటిస్ ఉండదు. ఉబ్బసమో, క్షయో, బ్రాంకియెక్టాసిస్సో, మరొకటో తేలవచ్చు. వాటిలో ప్రతిదానికీ తగిన చికిత్స ఉన్నది, అది ఎంత త్వరగా అందితే అంత మేలు.

సూక్ష్మ శ్వాసనాళికలు తమ బాధను తొందరగా చెప్పుకోలేవు. అవి పలికే తొలి పలుకు ఆ వదలని దగ్గే. అది చిన్నదైనా చెవిన పెట్టడం మన చేతిలోని పని.